సైకిలుకు టార్చిలైటు: పాతది పోతే ఏది కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి కాలువ గట్టు మీదుగా 11 కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ పనికి వెళ్తాను. దారిలో వీధి దీపం ఉన్నది రెండు ఊళ్ల సెంటర్లలోనే. ఏడేళ్లలో నాలుగు టార్చిలు మార్చాను. అది తెలిసినవాళ్లు తమ టార్చి పాడైనప్పుడు వచ్చి అడుగుతుంటారు. వాళ్లకు చెబుతూ వచ్చిన సమాధానాలే ఇవి. అందరూ మొదట అడిగేది ఎన్ని ల్యూమెన్లు (టార్చి ఇచ్చే మొత్తం వెలుగు కొలత) కావాలని. నేను మాత్రం ముందు గతుకుల సంగతి ఎత్తుతాను.

నా టార్చి ఇంట్లో బాగానే వెలుగుతుంది. సైకిలుకు కడితే గుంతలో పడ్డప్పుడల్లా ఆరిపోతోంది. ఎందుకు?

టార్చిని చేతిలో పట్టుకుని నడవడానికి తయారు చేస్తారు, సైకిలు హ్యాండిల్‌కు కట్టి గతుకుల్లో తిప్పడానికి కాదు. దాని లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి.

వెనుక మూత విప్పితే ఒక స్ప్రింగు కనబడుతుంది. సెల్లు ఆ స్ప్రింగు మీద కూర్చుంటుంది. ముందు వైపు, అంటే బల్బు వైపు, చాలా టార్చిల్లో స్ప్రింగు ఉండదు, చిన్న ఇత్తడి బొడిపె మాత్రమే ఉంటుంది. లిథియం సెల్లు బరువు 45 గ్రాముల పైమాటే. చక్రం గుంతలో పడగానే ఆ బరువంతా వెనక్కి వెళ్లి స్ప్రింగును నొక్కుతుంది. అప్పుడు ముందు బొడిపెకూ సెల్లుకూ మధ్య వెంట్రుక వాసి సందు ఏర్పడి కరెంటు తెగిపోతుంది. సెకనులో వందో వంతు చాలు.

వెనుక స్విచ్ ఉన్న టార్చిల్లో మీటను సగం నొక్కి వదిలితే వెలుగు ఎక్కువ, తక్కువ, మిణుకు అని వరుసగా మారుతుంది కదా. కరెంటు క్షణం పాటు తెగి మళ్లీ రావడాన్ని లోపలి సర్క్యూట్ స్థాయి మార్చమనే సంకేతంగా తీసుకుంటుంది. గుంత దెబ్బకూ మీ వేలికీ దానికి తేడా తెలియదు. అందుకే నడిరోడ్డు మీద ఉన్నట్టుండి వెలుగు తగ్గిపోతుంది, లేదా టపటపా మిణుకుతుంది. పక్కన ఎలక్ట్రానిక్ మీట ఉన్న రకాలైతే పూర్తిగా ఆరిపోతాయి, మళ్లీ నొక్కితే తప్ప వెలగవు.

నా రెండో టార్చి ఈ రెండో రకం. ఏప్రిల్ నెల, రబీ కోతలు అయ్యాయి. రైల్వే గేటు పట్టాలు దాటుతుండగా సైకిలు దడదడలాడింది, టార్చి ఆరిపోయింది. గేటు అవతల రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి, టార్పాలిన్లు కప్పి, అంచుల వెంట రాళ్లు పెట్టారు. ఆ రాళ్లలో ఒకటి ముందు చక్రానికి తగిలింది. మణికట్టు బెణికి మూడు వారాలు సైకిలు ఎక్కలేదు. ఆ టార్చి పెట్టె మీద 2000 ల్యూమెన్లు అని ఉంది.

అలాంటప్పుడు కొత్తది కొనక తప్పదా? బాగు చేసుకోలేమా?

చాలావరకు బాగు చేసుకోవచ్చు. కొనే ముందు ఒక అరగంట దీనికి కేటాయించండి.

వెనుక మూత లోపల స్విచ్‌ను పట్టి ఉంచే గుండ్రటి మరచుట్టు ఒకటి ఉంటుంది, దానికి ఎదురెదురుగా రెండు గాట్లు ఉంటాయి. వాడుకలో అది వదులవుతుంది. పట్టకారు రెండు కొనలూ ఆ గాట్లలో పెట్టి కుడివైపు తిప్పి బిగించండి. నా దగ్గరకు తెచ్చిన చాలా టార్చిలు దీనితోనే దారికి వచ్చాయి. తర్వాత మూత మరలనూ గొట్టం అంచునూ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఆ అంచు గుండానే కరెంటు పారుతుంది. అక్కడ నల్లటి జిడ్డు పేరుకుంటే వెలుగు తగ్గుతుంది. సెల్లు గొట్టంలో గలగలలాడుతుంటే చుట్టూ ఒక పొర మందపాటి కాగితం చుట్టండి.

అయస్కాంతపు బిళ్లను సెల్లు కొన మీద పెట్టి సందు పూడ్చే పద్ధతి కొందరు చెబుతారు. ఆ పని చేయకండి. కుదుపులకు బిళ్ల పక్కకు జరిగితే లిథియం సెల్లు షార్ట్ అవుతుంది, మంటలు రావచ్చు.

కొట్టులో చూసి మంచి టార్చిని గుర్తుపట్టడం ఎలా?

సెల్లు వేసి, తక్కువ వెలుగులో పెట్టి, టార్చి తలను అరచేతిలో గట్టిగా పది సార్లు కొట్టండి. తర్వాత వెనుక వైపు నుంచి పది సార్లు. ఒక్కసారి వెలుగు కదిలినా, స్థాయి మారినా తిరిగి ఇచ్చేయండి. ఏ కొట్టువాడూ దీనికి అభ్యంతరం చెప్పకూడదు. చెబితే అక్కడ కొనకండి.

తర్వాత మూత విప్పి రెండు కొనల్లోనూ స్ప్రింగు ఉందేమో చూడండి. రెండు వైపులా స్ప్రింగు ఉంటే సెల్లు ఎటు జరిగినా రెండోది దాన్ని వెంటాడి అంటుకునే ఉంటుంది. సైకిలు కోసం కొనే టార్చికి నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం ఇదే.

ఆపైన చూడాల్సింది స్థాయిల సంఖ్య. మూడు స్థాయిలు చాలు. ఆన్ చేసినప్పుడు కిందటిసారి వాడిన స్థాయితోనే వెలిగితే ఇంకా మంచిది. మిణుకు వరుసలోనే కలిసి ఉన్న టార్చి సైకిలుకు పనికిరాదు. స్థాయి మార్చబోయి మధ్యలో మిణుకు వస్తే ఆ రెండు సెకన్లు దారి కనబడదు.

మూడు సన్న సెల్లులు చిన్న డబ్బాలో అమర్చి లోపల దూర్చే టార్చి సంగతి?

వద్దు. సెల్లుల కొనలు ఆరు, డబ్బాకు రెండు, మొత్తం ఎనిమిది చోట్ల లోహం లోహాన్ని అంటుకుని ఉండాలి. ఒక్కటి వదిలినా చీకటే. ఒకే పెద్ద సెల్లు ఉన్న టార్చిలో ఆ చోట్లు రెండే.

ఎన్ని ల్యూమెన్లు కావాలి?

ముందు బ్రేకు లెక్క చూద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు అయిదున్నర మీటర్లు. ఏదో అడ్డం ఉందని గుర్తించి బ్రేకు మీద వేలు పడేసరికి సెకనున్నర పోతుంది, అంటే 8 మీటర్లు. బ్రేకు పట్టాక ఆగడానికి ఇంకో 5, 6 మీటర్లు. పొడి తారు రోడ్డు మీద మొత్తం 14 మీటర్లు. ఇసుక, తడి, లేదా రోడ్డు మీద రాలిన ధాన్యపు గింజలు ఉంటే దీనికి రెట్టింపు అనుకోండి. కాబట్టి 30 మీటర్ల దాకా గుంత, రాయి, సున్నం వేయని స్పీడ్ బ్రేకర్ కనబడాలి. అన్నిటికంటే కష్టం నల్ల గేదె. కాంతిని తాగేసినట్టు ఉంటుంది. కళ్లు మెరిస్తే తప్ప ఉందని తెలియదు.

దీనికి నికరంగా 300 నుంచి 400 ల్యూమెన్లు చాలు. నికరంగా అంటే గంటల తరబడి నిలిచేవి. పెట్టె మీద రాసే సంఖ్య వేరు. టార్చిలను కొలవడానికి ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ల్యూమెన్లను వెలిగించిన 30 సెకన్లకు కొలుస్తారు. ఎంతసేపు వెలుగుతుందనేదానిని వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కిస్తారు. అంటే 1000 ల్యూమెన్లు, 3 గంటలు అని రాసి ఉన్న టార్చి కొద్ది నిమిషాలకే వేడెక్కి 300కు దిగిపోయినా ప్రమాణం ప్రకారం అబద్ధం కాదు. అందుకే వెలుగు ఎంతసేపటికి ఎంతకు తగ్గుతుందో గీత గీసి చూపే తయారీదారును నమ్మండి. ఆ ప్రమాణం పేరే లేకుండా 50,000 ల్యూమెన్లు అని అచ్చు వేసినవాటిని అసలు పట్టుకోకండి.

పెట్టె మీద 200 మీటర్లు అని ఉంది. అంత దూరం కనబడుతుందా?

కనబడదు. ఆ దూరంలో పడే వెలుగు 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత), అంటే నిండు పున్నమి వెన్నెలంత. అయినా ఆ సంఖ్య ఉపయోగపడుతుంది. 200 మీటర్లంటే 10,000 క్యాండెలా (ఒక దిక్కున వెలుగు తీవ్రత కొలత) అని అర్థం. అదే టార్చి 30 మీటర్ల దగ్గర 11 లక్స్ ఇస్తుంది, అది చక్కటి వెలుగు. మధ్య స్థాయిలో పెట్టి వెలుగును మూడో వంతు చేసినా 30 మీటర్ల దగ్గర మూడున్నర లక్స్ పైనే ఉంటుంది. నేను రోజూ ఆ మధ్య స్థాయిలోనే వెళ్తాను.

ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ టార్చి మంచిదా?

సైకిలుకు కాదు. అద్దం జరగాలంటే సందు ఉండాలి, ఆ సందులోంచి వాన నీరు దిగుతుంది. వెలుగును దగ్గరకు చేర్చితే రోడ్డు మీద చిన్న చతురస్రం పడుతుంది, పక్కలు చీకటి. కుదుపులకు అద్దం దానంతట అదే జరిగిపోతుంది కూడా. లోపల గిన్నెలాంటి అద్దం ఉండి నడుమ గట్టి వెలుగు, చుట్టూ పలచటి వెలుగు పడే మామూలు టార్చి తీసుకోండి. ఆ గిన్నె అద్దంలా నున్నగా కాకుండా నారింజ తొక్కలా సన్నటి గరుకుతో ఉంటే వెలుగు మచ్చలు లేకుండా పడుతుంది.

తెల్ల వెలుగా, పసుపు వెలుగా?

4000 నుంచి 5000 కెల్విన్ (వెలుగు ఛాయ కొలత) మధ్య ఉండే, కొంచెం పసుపు కలిసిన తెలుపు. నీలం ఛాయ ఉన్న 6500 కెల్విన్ వెలుగు చూడటానికి ఎక్కువగా తోస్తుంది గానీ, దాని కింద ఎర్రమట్టి, పేడ, తడి రోడ్డు అన్నీ ఒకే బూడిద రంగులో కనబడతాయి.

ఏ సెల్లు వాడాలి?

18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, 3.6 వోల్టులు. దీనికంటే కాస్త పెద్దది 21700. పేరులోనే కొలత ఉంది, లావు 21, పొడవు 70. మంచి 3000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) 18650 సెల్లులో 10.8 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 300 ల్యూమెన్లకు సుమారు 3 వాట్లు ఖర్చవుతాయి కాబట్టి మూడు గంటల పైన వస్తుంది. 1000 ల్యూమెన్ల దగ్గరైతే గంట కూడా రాదు.

పేరున్న తయారీదారులు శాంసంగ్, ఎల్‌జీ, పానసోనిక్, మురాటా, మోలిసెల్. 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 కనబడితే అది నకిలీయే. ఆ గొట్టంలో 3500 పరిసరాల్లోనే పడుతుంది, అంతకంటే మూడు రెట్లు పట్టే మార్గం లేదు. అనుమానం ఉంటే కిరాణా కొట్టు కాటా మీద పెట్టించండి. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. నకిలీ సెల్లుల్లో చాలా వాటికి ఆ బరువు ఉండదు.

ఇంకో సంగతి. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లులు మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడవెక్కువ. స్ప్రింగును గట్టిగా నొక్కి కుదుపులకు బాగా నిలుస్తాయి, కానీ కొన్ని టార్చిల్లో మూత పూర్తిగా పడదు. కొనే ముందు వేసి చూసుకోండి.

మామూలు పెన్సిల్ సెల్లులతో నడిచేది సరిపోదా?

ఒక పెన్సిల్ సెల్లు లేదా రెండు వేసే టార్చి రెండో లైటుగా చాలా మంచిది. ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా సెల్లు దొరుకుతుంది, అదే దాని బలం. చార్జ్ చేసుకునే నికెల్ సెల్లులు వాడితే మాటిమాటికీ కొనే ఖర్చు ఉండదు, కారిపోయి టార్చిని తినేయడం కూడా తక్కువ.

ఎదురుగా వచ్చేవాళ్లు కళ్లలో కొడుతోందని తిడుతున్నారు. ఏం చేయాలి?

వాళ్లు తిట్టడం న్యాయమే. టార్చి వెలుగు గుండ్రంగా పడుతుంది, అందులో పైసగం రోడ్డు మీద కాక ఎదుటివాళ్ల మొహాన పడుతుంది. సరుకు నెత్తిన పెట్టుకుని చీకట్లో నడిచి వచ్చే ఆడవాళ్లకు ఒక్క క్షణం కళ్లు చీకట్లు కమ్మితే కాలువలో పడతారు. మనం మాత్రం చూసుకుని వెళ్తే చాలదు.

గోడ దగ్గర ఇలా సరిచేయండి. హ్యాండిల్ ఎత్తు సుమారు మీటరు. సైకిలును గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టండి. నడిమి గట్టి వెలుగు గోడ మీద నేల నుంచి అరమీటరు ఎత్తులో పడేలా టార్చిని వంచండి. అప్పుడది రోడ్డు మీద 10 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది, దాని పై అంచు 30 మీటర్ల దాకా పాకుతుంది. సీటు మీద మనిషి కూర్చున్నప్పుడే ఇది చూడాలి, లేదంటే టైర్లు అణగక కోణం మారుతుంది.

తర్వాత పాత ట్యూబు ముక్కను అర్ధచంద్రంలా కత్తిరించి టార్చి తలకు పైవైపు టోపీ అంచులా రెండు అంగుళాలు ముందుకు వచ్చేలా కట్టండి. పైకి పోయే వెలుగు చాలావరకు ఆగుతుంది, మీ కళ్లలోకి వచ్చే మెరుపు కూడా తగ్గుతుంది. ఎదురుగా మనిషి కనబడితే స్థాయి తగ్గించండి, లేదా అరచేతిని పైసగానికి అడ్డం పెట్టండి.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకు ఒక మాట: అక్కడ సైకిలు లైటుకు ఆమోద గుర్తు ఉండాలి, ఎదుటివాళ్ల కళ్లలో పడకూడదని నిబంధనలున్నాయి. మామూలు టార్చి కట్టుకుని రోడ్డెక్కకండి. అక్కడి లైట్లలో వెలుగు పై అంచు కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. ఆ అమరిక మన దగ్గర కూడా అన్ని లైట్లకూ వస్తే బాగుండును.

హ్యాండిల్‌కు ఎలా బిగించాలి?

ప్లాస్టిక్ పట్టీల కంటే రబ్బరు మంచిది. హ్యాండిల్‌కు ట్యూబు ముక్క ఒక చుట్టు చుట్టి, దానిమీద టార్చి పెట్టి, వెడల్పాటి వెల్క్రో పట్టీ రెండు చుట్లు బిగించండి. రబ్బరు కుదుపును కొంత మింగుతుంది, టార్చి తిరగకుండా పట్టుకుంటుంది. 24 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నున్నటి టార్చి గొట్టాలకు ఇది బాగా కుదురుతుంది. ముందు బుట్ట ఉంటే బుట్ట కింద, ఫోర్కు దగ్గర కట్టండి. కింద నుంచి పడే వెలుగుకు గుంతల నీడలు పొడుగ్గా పడి బాగా తెలుస్తాయి.

వానలో తడిస్తే?

టార్చి నీటిని ఎంత తట్టుకుంటుందో పెట్టె మీద ఐపీఎక్స్ అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే ఎటు నుంచి చినుకులు పడినా పరవాలేదు. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పరవాలేదు. మన ముసురుకు మొదటిది కనీసం, రెండోది నిశ్చింత. చార్జింగ్ రంధ్రం ఉంటే అది కిందికి ఉండేలా కట్టి రబ్బరు మూత నొక్కి ఉంచండి. తడిసిన రోజు పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టండి. మూత దగ్గరి రబ్బరు చుట్టుకు ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు రాస్తే పగలదు.

ముందు లైటును మిణుకుమనేలా పెట్టుకోవచ్చా?

పగలు పెట్టుకోవచ్చు. రాత్రి వద్దు. మిణుకులో మీకు దారి సరిగా తెలియదు, ఎదుటివాళ్లకు మీరెంత దూరంలో ఉన్నారో అంచనా అందదు.

వెనుక కూడా టార్చి కట్టి ఎర్ర కాగితం అంటించనా?

అంటించకండి. ఎర్ర కాగితం తెల్ల వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. వెనక్కి ఎర్ర ఎల్ఈడీ లైటే విడిగా కొనండి. దానికి తోడు వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, పెడల్స్‌కు పసుపు రిఫ్లెక్టర్లు ఉంచండి. పెడల్స్ పైకీ కిందికీ కదులుతుంటే లారీ డ్రైవరుకు అది సైకిలని దూరం నుంచే తెలుస్తుంది. దానికి సెల్లు అక్కర్లేదు, ఆరిపోవడం కూడా ఉండదు.

ఫోను టార్చి చాలదా?

చాలదు. ఆ వెలుగు గదికి సరిపోతుంది. పైగా పడిపోయినప్పుడు సాయం పిలవడానికి ఉండాల్సిన ఫోను కూడా పోతుంది.

అసలు సైకిలు లైటే కొనుక్కోవచ్చు కదా, లేదా డైనమో?

వెలుగు పై అంచు కత్తిరించిన మంచి సైకిలు లైటు దొరికి, ధర అందుబాటులో ఉంటే అదే కొనండి. నేను టార్చి వైపు ఉండటానికి కారణం సెల్లు మార్చుకోగలగడం. లోపలే బ్యాటరీ అతికించిన లైట్లు కొన్నేళ్లకు చార్జ్ నిలవక చెత్తబుట్ట పాలవుతాయి. టార్చికైతే కొత్త సెల్లు వేస్తే సరి. రాత్రి మోటారు షెడ్డుకు వెళ్లాలన్నా, కరెంటు పోయినా అదే తీసుకెళ్లవచ్చు.

డైనమో మీద నాకు గౌరవం ఉంది. టైరుకు ఒరుసుకుని తిరిగే పాత సీసా డైనమో తొక్కుడు బరువు చేసేది, వానలో జారేది. ఇప్పుడు చక్రం ఇరుసులోనే ఇమిడే డైనమోలు వచ్చాయి, 6 వోల్టులు, 3 వాట్లు. ఎల్ఈడీకి ఆ 3 వాట్లు ధారాళం. దాని చుట్టూ చువ్వలతో చక్రం అల్లించుకునే ఓపిక, డబ్బు ఉంటే జీవితకాలపు ఏర్పాటు అది.

రాత్రంతా తొక్కే బ్రెవేలకు (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు యాత్రలకు) ఒక టార్చి చాలుతుందా?

400 కిలోమీటర్ల బ్రెవేకు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. చీకటి తప్పదు. ఒకే రకం టార్చిలు రెండు, సెల్లులు నాలుగు పెట్టుకోండి. రెండూ హ్యాండిల్ మీదే ఉండనివ్వండి, ఒకటి వెలుగుతుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. చీకట్లో సంచి వెతికి టార్చి తీసి కట్టడం ఎంత కష్టమో ఒకసారి చేస్తే తెలుస్తుంది. విడి సెల్లులను తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వేయకండి. ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. విమానంలో వెళ్తుంటే విడి సెల్లులు చేతి సంచిలోనే ఉండాలి.

చార్జింగ్ గురించి జాగ్రత్తలు?

సెల్లు 4.2 వోల్టులకు చేరగానే ఆపే చార్జర్ వాడండి. లిథియం సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు, కాబట్టి మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెట్టకండి. పైతొడుగు చిరిగినా, సొట్ట పడినా ఆ సెల్లును పక్కన పెట్టేయండి. కొన్ని టార్చిలకు టైప్-సి రంధ్రం ఉన్నా రెండు కొనలూ టైప్-సి ఉన్న తీగతో చార్జ్ ఎక్కదు. లోపల ఉండాల్సిన చిన్న రెసిస్టర్లను తయారీదారు వదిలేస్తే అలా అవుతుంది. టార్చి పాడైందని పారేయకుండా ఒక కొన పాత వెడల్పు రకం ఉన్న తీగతో ప్రయత్నించండి.

ఒక్క పేరు చెప్పండి, కొనేస్తాను.

ఇప్పుడు నా హ్యాండిల్ మీద ఉన్నది కాన్వాయ్ ఎస్2 ప్లస్. సాదా అల్యూమినియం గొట్టం, ఒక 18650 సెల్లు, వెనుక స్విచ్. స్విచ్, అద్దం, లోపలి సర్క్యూట్ అన్నీ విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. మూడేళ్లలో ఒకసారి స్విచ్ మార్చాను. మీరు కొనేది ఏదైనా, మొదటి వారం తెలిసిన దారిలోనే వాడండి. రెండో లైటు వెంట ఉంచుకోండి. మీ దారిలోని అతి పెద్ద గుంత మీదుగా పగటిపూట ఒకసారి కావాలని పోనిచ్చి, దిగి, టార్చి ఇంకా వెలుగుతోందో లేదో చూడండి.